దారం కొరికిన పన్ను

ఆమెకు 33 ఏళ్లు. ధర్మవరంలో ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, పట్టుచీరలకు ఫాల్ వేస్తుంది, కొంగుకు కుచ్చులు కడుతుంది. భర్తది మగ్గం పని. తమ్ముడి పెళ్లి ఏడు వారాలు ఉందనగా అనంతపురంలో నా పండ్ల క్లినిక్‌కు వచ్చింది. ఈ కేసు రాసుకుంటానంటే ఒప్పుకుంది. పేరు, ఫొటో మాత్రం వద్దంది. ఆ రెండూ లేకుండానే రాస్తున్నాను.

కుర్చీలో కూర్చున్నాక కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడింది. "నగితే బాగుండదు సార్. కొలతలు తీసేటప్పుడు మనిషికి ఎదురుగా నిలబడాల కదా, నోరు మూసుకునే లెక్క చెప్పుకుంటా" అంది. అంతకుముందు ఇంకోచోట చూపించుకుందట. పైన ముందర నాలుగు పండ్లూ అరగదీసి క్యాపులు వేయాలన్నారట. "బాగుండే పండ్లు అరగదీస్తామంటే మనసొప్పలేదు సార్" అంది. ఆమె భయం సరైనదే. క్యాపు వేయాలంటే పన్నును చుట్టూరా చెక్కాలి. ఒకసారి చెక్కిన ఎనామెల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, మళ్లీ పెరగదు. ముప్ఫై మూడేళ్లకు క్యాపు వేసుకుంటే జీవితంలో ఆ క్యాపును రెండు మూడుసార్లయినా మార్చాల్సి వస్తుంది. అంత దూరం పోవాల్సిన పండ్లా ఇవి అన్నదే నేను ముందు తేల్చుకోవాల్సింది.

కొంగు తీయించి చూశాను. రెండు వేరువేరు సమస్యలున్నాయి. ఆమె రెంటినీ కలిపి "గారపండ్లు" అనుకుంటోంది.

మొదటిది రంగు. పైన నాలుగు ముందుపండ్ల మీదా సుద్దరాసినట్టు అడ్డ చారలున్నాయి. నడిమి రెండింటి మీద గోధుమరంగు మచ్చలు కూడా. ఇది ఫ్లోరోసిస్, చిన్నప్పుడు తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పంటికి పట్టే మచ్చ. మా జిల్లాలో పనిచేసే ఏ పండ్ల డాక్టరుకూ ఇందులో కొత్తేం లేదు. ఆమె పుట్టింది కళ్యాణదుర్గం వైపు పల్లెలో, 1991లో. ఊరంతా తాగింది బోరింగు నీళ్లే. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని, వేరే దారే లేకపోతే 1.5 వరకు సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. మా వైపు చాలా బోర్లలో అంతకు ఎక్కువే ఉంటుంది. పై ముందుపండ్ల ఎనామెల్ తయారయ్యేది పుట్టిన మూడు నాలుగు నెలల నుంచి నాలుగైదేళ్ల వయసు వరకు. పన్ను అప్పటికింకా చిగురు లోపలే ఉంటుంది. ఆ కాలంలో తాగిన నీళ్లు పన్ను మీద రాతలాగా మిగిలిపోతాయి. పెద్దయ్యాక తాగిన నీళ్లతో ఈ మచ్చలు రావు, ఎంత తోమినా పోవు.

"మా తమ్మునికి లేవు సార్, ఒకే ఇల్లు, ఒకే తిండి, నాకొక్కదానికే ఎందుకొచ్చినాయి?" అనడిగింది. తమ్ముడు ఎప్పుడు పుట్టాడని అడిగాను. 1998 అంది. ఊళ్లో కుళాయి ఎప్పుడొచ్చిందంటే, సత్యసాయి నీళ్లు వచ్చినప్పుడు తాను ఒకటో తరగతి అంది. జవాబు అందులోనే ఉంది. సత్యసాయి తాగునీటి పథకం మా జిల్లా పల్లెలకు అందింది 1995, 96 ప్రాంతంలో. అప్పటికి ఈమె ముందుపండ్ల ఎనామెల్ తయారైపోయింది. తమ్ముడి పండ్లు కుళాయి నీళ్లతోనే తయారయ్యాయి. ఈ సంగతి చెప్పాక ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇన్నేళ్లూ తాను సరిగ్గా తోమకపోవడం వల్లనే అనుకుందట. ఉప్పు, బొగ్గు, ఇటుకపొడి, అన్నీ వేసి రుద్దిందట. రోగికి వైద్యం మొదలుకాక ముందే దించాల్సిన బరువు ఒకటుంటుంది. ఫ్లోరోసిస్‌లో అది ఈ తప్పు భావన.

రెండో సమస్య కుడివైపు నడిమి ముందుపన్ను అంచులో ఉంది. మేం 11 అని రాసుకునే పన్ను. అంచు మధ్యకు కాస్త ఇవతల చిన్న గాడి, లోతు సుమారు 2 మిల్లీమీటర్లు. దాని పక్క మూల చిట్లి ఉంది. ఎడమవైపు జోడుపన్ను మూల కూడా కొద్దిగా పెచ్చు లేచింది. "ఎప్పుడు విరిగిందమ్మా, కింద పడ్డావా?" అనడిగాను. గుర్తులేదంది. నేను "అంచులు చిట్లినవి, కారణం తెలియదు" అని రాసుకుని ముందుకు పోయాను. ఈ కేసులో నా తప్పు అక్కడే మొదలైంది. ఆ గాడి ఆకారం చూసి ఆగాల్సింది. దెబ్బ తగిలి విరిగిన అంచు పదునుగా, వంకరగా ఉంటుంది. ఈమె గాడి నున్నగా ఉంది, అడుగున గుండ్రంగా ఉంది. అది అరిగిన గాడి.

మిగతా పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. ఎక్స్‌రేలో వేర్లు శుభ్రంగా ఉన్నాయి, పంటి నరం చూసే చల్లటి పరీక్షకు నాలుగు పండ్లూ సరిగానే పలికాయి. చిగుళ్లు మాత్రం ముట్టుకుంటే రక్తం. రక్తం కారే చిగురు పక్కన బాండింగ్, అంటే పంటిరంగు పదార్థాన్ని పంటికి అతికించే పని, చేయకూడదు, తడి తగిలితే పట్టు పోతుంది. కాబట్టి ముందు క్లీనింగ్ చేశాను. "క్లీనింగ్ చేయిస్తే పండ్లు కదులుతాయంటారు కదా సార్" అని అందరిలాగే ఆమె కూడా అడిగింది. కదలవని, గార తీసేశాక సందులు కనపడటంతో అలా అనిపిస్తుందని చెప్పాను.

పథకం ఇలా వేసుకున్నాను. గోధుమ మచ్చలకు ముందు మైక్రో అబ్రేషన్. తక్కువ శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో సిలికాన్ కార్బైడ్ పొడి కలిపిన పేస్టుతో, మిల్లీమీటరులో ఒకటి రెండు పదో వంతుల మందాన పై పొర తీసేయడం. ఆ తర్వాత మూడు వారాలు రాత్రిపూట ట్రే పెట్టుకుని ఇంట్లోనే బ్లీచింగ్, 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్‌తో. చివరికి గాడి పడిన పన్నుకూ, పెచ్చు లేచిన జోడుపన్నుకూ కాంపోజిట్ బాండింగ్. కాంపోజిట్ అంటే లైటు పడితే గట్టిపడే పంటిరంగు పదార్థం. ఒక్కో పన్నుకు 2,000 రూపాయలు చెప్పాను. పన్ను చెక్కే పని దాదాపు లేదు. పింగాణీ వెనీర్లు (పంటి ముందువైపు అతికించే పలచటి పెచ్చులు) వేస్తే మెరుపు ఎక్కువకాలం నిలుస్తుంది కానీ ఖర్చు చాలా రెట్లు, పైగా ఎంతో కొంత చెక్కాలి. బాండింగ్ మాత్రం ఐదారేళ్లకు, కొందరికి అంతకంటే ముందే మరమ్మతు అడుగుతుందనీ, టీ, కాఫీ రంగు పడుతుందనీ, మధ్యమధ్య పాలిష్ కావాలనీ ముందే చెప్పాను. దాచి చేసే వైద్యం కాదిది.

మైక్రో అబ్రేషన్‌తో గోధుమ మచ్చలు చాలావరకు పోయాయి. బ్లీచింగ్ మొదటి వారంలో తెల్ల చారలు ఇంకా ఎక్కువ కనపడ్డాయని ఫోన్ చేసి కంగారుపడింది. అది మామూలే, మిగతా పన్ను తెల్లబడేకొద్దీ తేడా తగ్గుతుందన్నాను. మూడో వారానికి తగ్గింది.

ఇక రంగు ఎంచుకునే రోజు. ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఆ రోజు ఆమె దగ్గర నేను నేర్చుకున్నాను.

పంటి రంగు చూడాల్సింది పని మొదలుపెట్టక ముందే. రబ్బర్ డ్యామ్ (పంటికి తడి తగలకుండా కట్టే రబ్బరు తెర) కట్టి, గాలి కొట్టి, పన్ను ఆరిందంటే కొద్ది నిమిషాల్లోనే తెల్లబడి కనిపిస్తుంది. ఆ తెలుపుకు సరిపెట్టి కాంపోజిట్ వేస్తే, మర్నాడు పన్ను మళ్లీ తడిసి అసలు రంగుకొస్తుంది, వేసిన ముక్క మాత్రం సున్నం పెట్టినట్టు మిగులుతుంది. కాబట్టి పన్ను తడిగా ఉండగానే షేడ్ గైడ్ (పంటి రంగుల నమూనా బిళ్లల వరస) పట్టుకుని చూస్తాం. చాలామంది రోగులు ఉన్నవాటిలో తెల్లనిదే అడుగుతారు. ఈమె చేతికి అద్దం, ఏ1 అనే లేత షేడ్ బిళ్ల ఇచ్చాను. లేచి నా లైటు కింద నుంచి కిటికీ దగ్గరికి పోయింది. అక్కడ తిప్పి తిప్పి చూసి, "ఇది ఎక్కువ తెలుపు సార్, ఇంకొంచెం పచ్చదనం ఉండాల" అంది. దానికంటే ఒక మెట్టు ముదురు ఏ2 ఇచ్చాను. దాన్నీ పన్ను పక్కన పెట్టి చూసి, "రీలు మీద ఒక రంగు, బట్ట మీద ఒక రంగు ఉంటుంది సార్. ఒక పోగు లాగి బట్ట మీద పరిచి చూస్తేనే తెలుస్తుంది. ఇది కూడా పన్ను మీద పెట్టి చూడలేమా?" అనడిగింది.

చూడగలం. చూడాలి కూడా. కంది గింజంత కాంపోజిట్‌ను ఆసిడ్, బాండ్ (జిగురు) ఏమీ వేయకుండా పన్ను మీద ఉత్తినే అద్ది, లైటుతో గట్టిపరచి, రంగు చూసి గీకేస్తే సరిపోతుంది. మెత్తగా ఉన్నప్పటి రంగూ, గట్టిపడ్డాక రంగూ ఒకటి కావు కాబట్టి లైటు కొట్టే చూడాలి. చదువుకున్నప్పుడు నేర్పిన పద్ధతే, తీరిక లేక నేను చాలా కేసుల్లో వదిలేస్తుంటాను. ఆ రోజు మూడు రకాలు అద్దాం. కిటికీ దగ్గరే నిలబడి ఆమె ఎంచింది: లోపలి పొరకు ఏ3 డెంటిన్ (ఎనామెల్ కింది పొర) షేడ్, పైన ఏ2 ఎనామెల్ షేడ్. రోజుకు పది జాకెట్లకు దారం సరిపెట్టే కన్ను అది. ఇప్పటికీ రంగు విషయంలో అనుమానం వస్తే రోగిని కిటికీ దగ్గరికి తీసుకుపోతున్నాను.

బాండింగ్ చేసిన రోజు పెళ్లికి ఆరు రోజులుంది. బ్లీచింగ్ ఆపి తొమ్మిది రోజులే అయింది. రెండు వారాలు ఆగాలన్నది నియమం. బ్లీచింగ్ తర్వాత పంటిలో మిగిలే ఆక్సిజన్, కాంపోజిట్‌లోని రెసిన్‌ను పూర్తిగా గట్టిపడనివ్వదు. తెలిసే తొందరపడ్డాను. పెళ్లి ఫొటోల్లో ఆమె నోరు తెరిచి నవ్వాలని నాకూ ఉండింది.

పని బాగానే కుదిరింది. ముందే మైనంతో చేసిన నమూనా మీద పుట్టీతో అచ్చు తీసి పెట్టుకున్నాను. దాన్ని అంగిటి వైపు ఆనించి వెనక గోడ కట్టి, మీద డెంటిన్ పొర, దాని మీద ఎనామెల్ పొర. ఒక్కో పొర 2 మిల్లీమీటర్లకు మించకుండా, ఒక్కోదానికి 20 సెకండ్లు నీలి లైటు. చివర్లో గ్లిజరిన్ జెల్ పూసి ఇంకోసారి. గాలి తగిలితే పైపొర జిగటగానే ఉండిపోతుంది. డిస్కులతో పాలిష్ చేసి అద్దం చేతికిచ్చాను. నాలుకతో అంచు తడుముకుంది. "గాడి లేదు సార్" అంది. వెళ్లేటప్పుడు కొంగు భుజం మీదే ఉంది.

గట్టివి కొరకొద్దని చెప్పి పంపాను. చెరకు, బెల్లం గడ్డ, జంతికలు, ఎముకలు, సోడా మూతలు, పేరుపేరునా చెప్పాను. సరేనంది.

ఆరు వారాల తర్వాత వచ్చింది. జాకెట్ హుక్కులు వచ్చే చిన్న ప్లాస్టిక్ కవర్లో కుడి పన్నుకు వేసిన కాంపోజిట్ ముక్క పెట్టి తెచ్చింది. "పొద్దున పని చేసుకుంటా ఉంటే ఊడొచ్చింది సార్, నేనేమీ గట్టిది కొరకలేదు, ఒట్టు" అంది. నమ్మాను, ఎందుకంటే అబద్ధం చెప్పే మనిషి ముక్కను అంత భద్రంగా కవర్లో పెట్టి తేదు.

ముక్కను భూతద్దం కింద చూశాను. అడుగు భాగం నున్నగా ఉంది. ఎనామెల్‌కు గట్టిగా పట్టిన కాంపోజిట్ విరిగితే సగం పన్ను మీదే ఉండిపోతుంది, విరిగిన చోట గరుకుగా ఉంటుంది. ఇది ఒక మూల తప్ప మొత్తం పొలుసులాగా లేచి వచ్చింది. అంటే పట్టే సరిగ్గా కుదరలేదు.

ఈ పట్టు సంగతి కొంచెం చెప్పాలి. నున్నటి గోడ మీద ప్లాస్టరింగ్ నిలవదని మేస్త్రీ ముందు గోడకు గాట్లు పెడతాడు. పన్ను మీద ఆ పని ఫాస్ఫారిక్ ఆసిడ్ చేస్తుంది. లోహానికి పెయింటు పట్టడానికి కార్ఖానాల్లో ఆసిడ్ వాడటం చూసి, అదే ఎనామెల్ మీద ప్రయత్నించవచ్చని 1955లో చూపించినవాడు మైఖేల్ బ్యూనోకోర్. ఇవాళ మేం వాడే కాంపోజిట్‌కు మూలమైన రెసిన్‌ను 1962లో రాఫెల్ బోవెన్ తెచ్చాడు. 37 శాతం ఆసిడ్ 15 నుంచి 30 సెకండ్లు పెడితే ఎనామెల్ మీద కంటికి కనపడని గుంతలు పడతాయి. పల్చటి బాండ్ వాటిలోకి దిగి, లైటుతో గట్టిపడి, వేర్లు పట్టినట్టు పడుతుంది. కానీ ఫ్లోరోసిస్ పంటి పై పొర ఆసిడ్‌కు తొందరగా లొంగదు. ఎక్కువసేపు పెట్టాలి, లేదా ఆ పొర కాస్త తీసేయాలి. మైక్రో అబ్రేషన్‌తో పై పొర ఎటూ పోయిందిలే అనుకుని నేను మామూలు పంటికి పెట్టినట్టే 20 సెకండ్లు పెట్టాను. అబ్రేషన్ చేసింది మచ్చలున్న ముందువైపే. అంచు దగ్గరా, వెనకవైపూ పొర అలాగే ఉంది.

ఇదంతా మనసులో లెక్కేసుకుంటూ పరికరాలు సర్దుకుంటున్నాను. ఆమె కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తోంది. చీర కొంగు చివర ఒక పోగు వేలాడుతోంది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, పంటి దగ్గరికి తెచ్చి, తల కొంచెం పక్కకు వంచి, టక్కున కొరికి, నాలుక కొసన వచ్చిన పీచును వేలితో తీసేసి మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకుంది. అంతా కలిపి రెండు సెకండ్లు. కొరికింది సరిగ్గా 11తోనే, గాడి ఉన్న చోటుతోనే.

"ఇప్పుడేం చేశావమ్మా?" అన్నాను. బిత్తరపోయి చూసింది. "ఏం చేశాను సార్?"

తాను కొరికినట్టు ఆమెకు తెలియనే తెలియదు. మళ్లీ గుర్తుచేస్తే, "దారమా? దారం గట్టిదా సార్?" అనడిగింది.

ఆ ప్రశ్నకు నేను తలవంచాను. గట్టివి కొరకొద్దని నేను చెప్పిన జాబితాలో దారం లేదు. ఆమె దృష్టిలో దారం మెత్తటిది. నా దృష్టిలో అసలు లేనే లేదు. పట్టుపోగు సన్నగా ఉన్నా బిగువు ఎక్కువ. ఒకేచోట పెట్టి లాగి తెంపితే రంపంలాగా అరగదీస్తుంది. పన్నెండేళ్లుగా ఆమె చేస్తున్న పని అది. కొంగుకు అరవై, డెబ్భై కుచ్చులు వస్తాయంది, ముడి వేసిన ప్రతిసారీ పన్నే కత్తెర. గుండుసూదులు కూడా అదే పండ్ల మధ్య పట్టుకుంటుందట. మొదటి రోజు "కింద పడ్డావా" అని అడగడానికి బదులు "రోజంతా ఏం పని చేస్తావు, ఎలా చేస్తావు" అని అడిగి ఉంటే ఇదంతా తెలిసేది. ధర్మవరం, కుచ్చులు, జాకెట్లు అని ఆమె మొదటి మాటలోనే చెప్పింది కూడా.

ముక్క ఊడటానికి ఆసిడ్ తక్కువసేపు పెట్టడం ఎంత కారణం, తొందరపడిన ఐదు రోజులు ఎంత, దారం ఎంత అని నేను విడదీసి చెప్పలేను. మొదటి రెండూ నావి. మూడోది కూడా కనుక్కోవాల్సింది నేనే. రెండోసారి పనికి డబ్బు తీసుకోలేదు.

వెంటనే వేయలేదు. ముందు అలవాటు సంగతి చూడాలి. "కొరకొద్దు" అంటే సరిపోదు, చేతికి ఇంకో పని ఇవ్వాలి. కత్తెర ఉంది కదా అంటే, ప్రతి ముడికీ కింద పెట్టిన కత్తెర వెతుక్కుంటే పని సాగదంది. అది నిజమే. చివరికి దారి ఆమే కనుక్కుంది. దారాలు తెంపే చిన్న కత్తెరను రిబ్బనుకు కట్టి మెడలో వేసుకుంది. సూదులకు మణికట్టుకు కట్టుకునే చిన్న స్పాంజి దిండు. రెండు వారాల్లో ఎన్నిసార్లు నోటిదాకా చెయ్యి పోయిందో క్యాలెండర్ మీద గీతలు పెట్టమన్నాను. మొదటి రోజు గీతలకు గడి చాలలేదు. రెండో వారం చివర్లో రోజుకు రెండు, మూడు. అప్పుడు రమ్మన్నాను.

రెండోసారి చేసిన మార్పులు ఇవి. అంచు నుంచి ముందువైపు 2 మిల్లీమీటర్ల మేర వాలుగా, అలలు అలలుగా పలచగా చెక్కాను, దీన్ని మేం బెవెల్ అంటాం. మొదటిసారి అది అర మిల్లీమీటరు కూడా లేదు. దీనివల్ల లొంగని పై పొర పోతుంది, అతుకు గీత కూడా కంటికి దొరకదు. ఆసిడ్ 60 సెకండ్లు పెట్టాను. కడిగి ఆరబెట్టాక వెనకవైపుతో సహా మంచు పట్టిన అద్దంలాగా పాలిపోయిందో లేదో చూసుకున్నాను. ఒక మూల మెరుస్తోంటే అక్కడ ఇంకోసారి పెట్టాను. బాండ్ రెండు పూతలు. కింది దవడ ముందుకు జరిపి కొరికించి, రంగు కాగితంతో చూస్తే కింది పన్ను సరిగ్గా కొత్త అంచుకే తగులుతోంది. కాంపోజిట్‌నే కొంచెం తగ్గించి ఆ బరువు రెండు పండ్ల మీదా సమంగా పడేట్టు చేశాను. మొదటిసారి పండ్లు మామూలుగా మూసినప్పుడు మాత్రమే చూశాను. దారం కొరికేవాళ్లు దవడ ముందుకు తెచ్చే కొరుకుతారు.

రంగుకు మళ్లీ కిటికీ దగ్గరికే పోయాం. ఈసారి కూడా ఏ2నే అంది.

పద్నాలుగు నెలలయింది. ముక్క కదల్లేదు. అతుకు దగ్గర ఒక చోట సన్నటి టీ మరక గీత పడితే మొన్న పాలిష్ చేశాను. ఎడమ పన్ను మీద తెల్ల చార ఒకటి ఎండలో ఇంకా కనిపిస్తుంది. దానికి ఏమైనా చేద్దామా అంటే, "ఉండనీలే సార్, నా పన్నే కదా" అంది.

మొన్న తోడుగా ఒక పిల్లను తెచ్చింది. పంతొమ్మిదేళ్లు, ఆమె దగ్గర పని నేర్చుకుంటోంది. "దీనిది కూడా చూడండి సార్" అని ఆ పిల్ల పై పెదవిని తనే వేలితో ఎత్తి చూపించింది. కుడి ముందుపన్ను అంచులో గోటితో గీసినంత గాడి, ఇప్పుడిప్పుడే మొదలు. బాండింగ్ అవసరం లేదు. అంచు నున్నగా చేసి, పంటిని గట్టిపరిచే ఫ్లోరైడ్ వార్నిష్ పూసి పంపాను. ఆ పిల్ల మెడలో కూడా ఎర్ర రిబ్బనుకు చిన్న కత్తెర వేలాడుతోంది.